పల్లెబడి కట్టుబాట్లు – తల్లిదండ్రుల పాలు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, సంచికకై ఒక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కోటల చరిత్ర వ్రాయదలచినచో మన సీమలో దేవరకొండయు, భువనగిరియు కలవు. సంస్థానముల చరిత్ర వ్రాయదలచినచో గద్వాలయు, వనపర్తియు కలవు. ఆ పనికి తగిన పండితులు వేరే యున్నారు. నేను ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. భారత భాగవతములను గురుముఖమున గాక దీపము ముందు కూర్చుండి కూడబలికికొని చదివినవాడను. కావున నా శక్తికి తగినట్లు, అందరును ఎరిగియు ఎవ్వరును వ్రాయని చిన్న విషయము నొకదానిని ఎన్నుకొంటిని. పల్లెబడిలో పిల్లవాని దినచర్య యెట్లుండెడిది? ఆ దినచర్యలో తల్లిదండ్రులకు పాలెంత? బడి వారినేమి అడిగినది, వారికేమి యిచ్చినది?

ఇది వ్రాయుటకు కారణమొకటి కలదు. జూన్ నెలలో బడులు తెరచినప్పుడెల్ల, వేళకు పంపవలెను, హాజరు తప్పరాదు, నెలకొకసారి తల్లిదండ్రులు సమావేశమునకు రావలెను అని ఉపాధ్యాయులు చెప్పుదురు. అది విని మన గ్రంథాలయపు అరుగుమీద కొందరు పెద్దలు, "మా కాలమున ఈ నిబంధనలెక్కడివి? పిల్లవానిని పంతులుకు అప్పగించితిమి, చదువు వచ్చినది" అని నవ్వుదురు. నిబంధనలు లేని బడి ఏనాడును లేదు. కాగితముపై లేకుండెను, అంతియే.

పురాణములలో చూచినను తండ్రికిని గురువునకును నడుమ ఒప్పందమున్నట్లే కనబడును. పోతనామాత్యుని భాగవతమున సప్తమ స్కంధములో హిరణ్యకశిపుడు తన కుమారుని శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులకు అప్పగించెను. కొంతకాలమునకు పిలిపించి, నేర్చినదేమో చెప్పుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగెను. అంతవరకు అతడు మంచి తండ్రియే. బిడ్డ చదువును అడిగి వినుట తండ్రి విధి. అయితే తాను కోరిన పాఠము రాలేదని గురువులపై మండిపడెను, వారు భయముచే మరల మరల అదే పాఠము రుద్దిరి, పిల్లవాడు తన దారిని తాను పోయెను. బడికిని ఇంటికిని పొత్తు చెడినచో జరుగునది ఇంతకంటె స్పష్టముగా చెప్పిన కథ నేను చదువలేదు. భక్తులు ఈ కథను భక్తికై చదువుదురు. నేను ఈ యొక్క చిన్న భాగమును ఇందుకై చదువుదును.

ఇక చరిత్రకు వత్తము. మన నల్లగొండ, పాలమూరు సీమలు నిజాము ఏలుబడిలో నుండుటచే, ఆనాటి వీథిబడుల లెక్క తీసినవారు లేరు. కాని మనకు దక్షిణమున, తుంగభద్ర కావలి యొడ్డున ఆదవాని సీమ కలదు. గద్వాల వారికది పొరుగూరు వంటిది. అది ఆనాడు బళ్ళారి జిల్లాలోనిది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, దేశీయ పాఠశాలల వివరములు పంపుడని ప్రతి కలెక్టరునకు ఆజ్ఞ పంపెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ అనునతడు 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక మిక్కిలి విలువైనది. ఈతడు తెలుగు చక్కగా నేర్చి, తెలుగు వ్యాకరణమును కూడ వ్రాసినవాడు. ఆయన లెక్క ప్రకారము ఆ జిల్లాలో 533 బడులు. వానిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, పారశీకపు బడులు 21, సంస్కృతపు బడులు 23. ఇంగ్లీషు బడి ఒక్కటి. తుంగభద్రకు ఈవలను భాషయు, పంతులును, పలకయు వేరుగాదు గనుక, ఆ వర్ణనలో మన ముత్తాతల బడి కూడ కొంతవరకు కానవచ్చును.

క్యాంబెల్ చెప్పిన తీరు ఇది. పిల్లవానికి అయిదేండ్లు రాగానే తల్లిదండ్రులు పంతులును, బడిపిల్లలనందరిని తమ యింటికి పిలుతురు. అందరును వినాయకుని ప్రతిమచుట్టు కూర్చుందురు. పంతులు పిల్లవాని ప్రక్కన కూర్చుండి ధూపము వేయించి, ప్రార్థన చెప్పించి, బియ్యములో వేలు పట్టించి దేవుని పేరు వ్రాయించును. తల్లిదండ్రులు శక్తికొలది కానుక యిత్తురు. మరునాటి ఉదయమున చదువు ఆరంభము.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. పిల్లవాడు బడికి పోవుటకు ముందు బడియే పిల్లవాని యింటికి వచ్చినది. ఆ యింటి గడప, ఆ యింటి తల్లి, ఆ యింటి కలిమిలేములు పంతులునకును తోటిపిల్లలకును తొలినాడే తెలిసినవి. ఈనాడు ఉపాధ్యాయుడు తన పిల్లల యిండ్లలో ఎన్నింటి గడప తొక్కియుండును? ఉపాధ్యాయుని తప్పు పట్టుటకు కాదు, పద్ధతి మారిన సంగతి చెప్పుటకే ఈ మాట.

బడి ఉదయము ఆరు గంటలకు తెరచుచుండిరి. మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగవవానికి రెండు. అటుపిమ్మట వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి పెరుగుచుండును. లెక్కలవాడను గనుక నాకీ పద్ధతి చూడగా నవ్వు వచ్చును. ముప్పది మంది యున్న బడిలో కడపటివాని గతి ఇరువదెనిమిది దెబ్బలు! కూడిన యెడల బడి మొత్తమునకు ప్రొద్దున్నే 406 దెబ్బలు. పంతులు చేయి నొచ్చుటకైనను పిల్లలు వేళకు వచ్చియుందురని తలంతును.

వేళకు లేపి పంపుట తల్లి పని. చీకటితో లేచి, పిడక రాజేసి, రాత్రి మిగిలిన జొన్నగటుకలో మజ్జిగ పోసి త్రాగించి, పిల్లవానిని సరస్వతి పేరు కొరకు పరుగెత్తించినది ఆమెయే. ఆమె పేరు ఏ నివేదికలోను లేదు.

అక్షరములు నోట వల్లించి గాక, ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చెడివారు. చేయి తిరిగిన పిమ్మట తాటాకుపై గంటముతోనో, కాగితముపై కలముతోనో, లేదా కడితముపై బలపముతోనో వ్రాయుట. కడితమనగా బొగ్గుపొడియు జిగురును పట్టించి, పుస్తకమువలె మడత పెట్టిన గుడ్డ. అది పల్లెలోనే తయారగును. చెరిపి మరల వ్రాయవచ్చును. పిల్లలను నాలుగు తరగతులుగా చేసి, పై తరగతివారిచే క్రిందివారికి చెప్పించుచు, పంతులు అందరిపై కన్ను వేసి యుండెడివాడు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందికి చదువు చెప్పు ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను. ఇంగ్లండులో దీనిని అనుకరించుట సముచితమే యని వ్రాసెను. అది నిజముగ జరిగినదే. మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమమునకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ అనునతడు, మన దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, పిల్లలచే పిల్లలకు చెప్పించు పద్ధతి నవలంబించి, 1797లో దానిపై పుస్తకము ప్రకటించెను. అది ఇంగ్లండు బడులలో "మద్రాసు పద్ధతి" యను పేర వ్యాపించినది.

పొగడ్తతో నిలిచిన నివేదిక కాదది. అర్థము తెలియకయే పద్యములను కంఠస్థము చేయుదురనియు, పుస్తకభాష యొకటి మాటలభాష వేరొకటి యగుటచే పిల్లవానికి తాను చదివినది తనకే తెలియదనియు క్యాంబెల్ ఆక్షేపించెను. శిక్షల సంగతియు దాచలేదు. చేతులు రెండును కట్టి దూలమునకు వ్రేలాడదీయుట (మనవారు దీనినే కోదండము వేయుట యందురు), గుంజిళ్లు తీయించుట అందు కానవచ్చును. అన్నింటికంటె ముఖ్యమైన మాట వేరొకటి కలదు. జిల్లాలో సుమారు తొమ్మిది లక్షల ఇరువదియెనిమిది వేల జనముండగా బడిలో నున్నది 6,641 మంది మాత్రమే. ముందు బడులున్న గ్రామములలో ఇప్పుడు బడులు లేవు. కారణము దేశము పేదపడుటయే. సీమగుడ్డ వచ్చి మన నేతపని చెడుటచే తల్లిదండ్రులు రుసుము చెల్లింపజాలక, పసిచేతులను కూడ కూలికి పెట్టవలసివచ్చుచున్నది. ఇట్లు ఒక తెల్లదొర తన ప్రభుత్వమునకే వ్రాసెను. ఈ వాక్యమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ఇది మరల మనకు పనికివచ్చును.

మన వైపు వీథిబడిని గురించి మా యింటి పెద్దలు చెప్పగా విన్నవి కొన్ని కలవు. అరుగే బడి, చెట్టునీడయే బడి. తాటాకు చాప, బలపపు ముక్క, ఇసుక. నోట ఓనమాలు, గుణింతములు, తరువాత బాలశిక్ష, సుమతి శతకము, గజేంద్రమోక్షము, రుక్మిణీకల్యాణము, వీలున్నవారికి అమరము. సాయంకాలము అందరును బారులుగా నిలిచి ఎక్కములు అప్పగింపవలెను. ఒకడు ముందు చెప్పగా తక్కినవారు వెంట పాడుదురు. ఆ సంధ్యవేళ ఎక్కముల మ్రోతయే ఊరికి గడియారము. పశువులను తోలుకొని వచ్చువారు ఆ మ్రోత విని ప్రొద్దెంతయైనదో గుర్తించెడివారు.

ఎక్కములనగా నేటి పిల్లలవలె ఇరువదవ ఎక్కముతో ఆగుట కాదు. అర, పాతిక, ముప్పాతిక, వీసము, అరవీసము – వీని హెచ్చవేతలు కూడ నోటికి రావలెను. వీసమనగా రూపాయిలో పదియారవ వంతు. సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక. పైగా నిజాము రాజ్యమున హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషువారి కల్దారు రూపాయి వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. కృష్ణ దాటి ఎద్దులు కొని తెచ్చువానికి ఈ లెక్క రాకున్నచో దారిలోనే నష్టము. చదువు మాట యెట్లున్నను, తూకములోను వడ్డీలోను మోసపోకుండుటకై కాపువాడు కొడుకును ఒకటి రెండేండ్లు బడికి పంపుచుండెను. ఆ లెక్క వచ్చుటతో బడి మాన్పించుచుండెను. ఇందులో తప్పేమియు నాకు కానరాదు. తల్లిదండ్రులు బడినుండి తమకు కావలసినదేదో స్పష్టముగా ఎరిగియుండిరి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుండి కిలోల తూకము రాగా వీసములు, మానికలు బడినుండి మాయమైనవి. లెక్క సులువైనది, నాలుక మొద్దుబారినది.

పంతులుకు జీతమను మాట లేదు. పున్నమకు, అమావాస్యకు స్వయంపాకము. పంట వచ్చినప్పుడు కల్లములో జొన్నలో సజ్జలో కొలత. పండుగకు ఒక పంచె. ఉన్నవాడు ఎక్కువ, లేనివాడు తక్కువ. పంట పండని యేడు పంతులుకును పంట లేదు. అందుచే వానకై పంతులు కూడ ఆకాశము చూచెడివాడు. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టి పద్యములు పాడుచు పంతులు వెంట ఇంటింటికి తిరుగు ఆచారము తెలుగునాట పెక్కుచోట్ల నుండెను. అది వేడుకయు నగును, పరీక్షయు నగును. తన పిల్లవాడు ఏడాదిలో ఏమి నేర్చెనో ప్రతి తల్లియు తన వాకిటనే వినెడిది. నేటి ప్రగతి పత్రము కంటె ఆ పద్యము నమ్మదగినదని కొందరందురు. గొంతు మంచిగా నున్నవాడు తప్పించుకొనును గదా యని నా సందేహము.

పిల్లవాడు రాకున్నచో పంతులు నలుగురు పెద్దపిల్లలను పంపుచుండెను. వారు చేలోనున్నను, చింతచెట్టుపైనున్నను పట్టుకొని, కాలుసేతులు మోసికొని తెచ్చెడివారు. తల్లి అడ్డము రాకూడదు, ఇది కట్టుబాటు. హైదరాబాదు దక్కనులో తండ్రులు పిల్లవానిని అప్పగించుచు, "ఎముకలు మావి, చర్మము మీది" అని చెప్పుట పరిపాటి. ఈ మాటను పెద్దలు మురిసి చెప్పుకొనుట నేను విన్నాను. నాకు మాత్రము ఇది ఎన్నడును నచ్చలేదు. చర్మమును ఇచ్చివేయుటకు తండ్రి కేమి యధికారము? దెబ్బలకు భయపడి బడి మానినవారి లెక్క ఎవ్వరును వ్రాయలేదు. చదివి పైకి వచ్చినవాడు మాత్రము, దెబ్బలచేతనే వచ్చితినని చెప్పుకొనును. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా వంటిది ఆ వాదము.

జమాఖర్చు ప్రస్తావన వచ్చినది గనుక మరియొక పద్దును చెప్పక తప్పదు. ఆ వీథిబడి అందరిది కాదు. దళితుల పిల్లవాడు అరుగెక్కరాదు. లంబాడీ తండాకు బడియే లేదు. ఆడపిల్లకు, ఏ కొలది యిండ్లలోనో తప్ప, ఇసుకలో వ్రేలు పెట్టు భాగ్యము లేదు. ద్రోణాచార్యుని చేర్పు నిబంధన ఏకలవ్యుని ఏమి చేసెనో ఆదిపర్వమున చదివితిమి. ఆ నిబంధన ద్వాపరముతో పోలేదు. మన రాజ్యములో దానిని ఎదిరించినవారిలో ముఖ్యుడు భాగ్యరెడ్డివర్మ. ఈయన 1910 మొదలుకొని హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకు తెలుగు బడులు వరుసగా నెలకొల్పెను. ఆడపిల్లలకై మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించిరి. తెలుగున బోధించు ఆ పాఠశాలకు ఉర్దూ విశ్వవిద్యాలయముతో పొత్తు కుదరకపోవుటచే, దూరముననున్న పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనవలసి వచ్చెను. తన యూరి బిడ్డ తన భాషలో పరీక్ష వ్రాయుటకు మహారాష్ట్రమువైపు చూడవలసిన దినములవి.

సర్కారు బడులు వచ్చిన తరువాత పల్లె తల్లిదండ్రులకు బడి మరింత దూరమైనది. మద్రసా తహతానియా అనగా ప్రాథమిక పాఠశాల, పైది వస్తానియా, ఆపైది ఫౌఖానియా. తరగతులకు సుగీర్, అవ్వల్, దుయ్యం, సుయ్యం, చహారుం అని పేర్లు. సెలవునకు తాతీలు. వారపు సెలవు శుక్రవారము. నెలలు చైత్ర వైశాఖములు కావు, జనవరి ఫిబ్రవరులు కావు. ఆజూరు, దై, బహమన్, ఇస్ఫందార్. ఫసలీ సంవత్సరము. ప్రాథమిక దశ దాటిన పిదప చదువంతయు ఉర్దూలోనే. ఉర్దూ తియ్యని భాష. దానిపై నాకు ద్వేషము లేదు, మన పట్వారీ కాగితములన్నియు ఆ భాషలోనివే. కాని నల్లగొండ ఆముదపు చేనిలో కలుపు తీయు తల్లి, రాత్రి దీపము కడ కొడుకు చదువు వినవలెనన్నచో ఆమెకు ఒక్క ముక్కయు తెలియదు. ఇల్లు పాఠమునకు బయటిదైనది.

ఖానిగీ బడులు – అనగా ఊరివారు తమ ఖర్చుతో నడుపుకొను ప్రైవేటు బడులు – ఆ లోటును తీర్చుచుండెను. ముందుగా అనుమతి లేనిదే అట్టి బడి నడుపరాదని 1924 ప్రాంతమున నిజాము ప్రభుత్వము నిబంధనలు తెచ్చెను. నాలుగు వేలకు మించియుండిన ఆ బడులు రెండు మూడేండ్లలోనే వేయి చిల్లరకు దిగజారినవి. అరుగుమీద ఓనమాలు చెప్పుకొను పంతులు కూడ దరఖాస్తు పెట్టి, తాలీమాత్ అధికారి చుట్టు తిరుగవలసి వచ్చెను. ఇది బడి నిబంధనయే. అయితే బడిని బాగుచేయుటకు గాక మూయుటకు పనికివచ్చిన నిబంధన. నిబంధన వ్రాయువాని ఉద్దేశమేదో ముందుగా చూడవలెనని నేను తరచు చెప్పునది ఇందుకే.

ఈ సందర్భముననే మన గ్రంథాలయముల కథ బడుల కథతో కలియుచున్నది. నల్లగొండలో 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయము వెలసెను. 1921లో ఆంధ్ర జనసంఘము ఏర్పడెను. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిరి. పాలమూరు బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభయు, 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవదియు జరిగెను. మాతృభాషలో చదువు చెప్పవలెననియు, ఖానిగీ బడుల నిబంధనలు తొలగింపవలెననియు ఆంధ్రోద్యమమువారు మరల మరల కోరిరి. సభ జరుపుటకే ముందుగా అనుమతి కావలసిన దినములవి; గ్రంథాలయము పెట్టినను అనుమానపు చూపులే. ఉన్న బడి తమ పిల్లలకు అందకుండుటచే పెద్దలు గ్రంథాలయములు పెట్టి, రాత్రిబడులు నడిపి చదువు నిలిపిరి. గ్రంథాలయము తెలంగాణములో మొదట బడికి ప్రత్యామ్నాయముగానే పుట్టినదని చెప్పవచ్చును. నేటి చందాదారులలో ఎందరికీ సంగతి తెలియునో!

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. శుక్రవారపు సెలవు ఆదివారమైనది. తెలుగు బోధనభాష యైనది. 1951 జనగణన నాటికి హైదరాబాదు రాష్ట్రమున నూటికి తొమ్మండుగురే అక్షరాస్యులు. 1952లో హైదరాబాదు రాష్ట్రపు నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1961లో మరియొక చట్టము. పేరు నిర్బంధమే గాని నిర్బంధించినవారెవ్వరు? చట్టము గ్రంథములలో నుండెను, పిల్లవాడు గొర్రెల వెంట నుండెను.

బడి దినచర్యలో మన జిల్లావారు దేశమునకిచ్చిన కానుక యొకటి కలదు. దానిని చెప్పక ఈ వ్యాసము ముగింపజాలను. దేశములోని ప్రతి బడిలోను ఉదయము ప్రార్థనవేళ పిల్లలు చేయి ముందుకు చాచి చెప్పు ప్రతిజ్ఞను వ్రాసినవారు పైడిమర్రి వెంకటసుబ్బారావుగారు. ఈయన 1916లో నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించిరి. 1962లో విశాఖపట్టణమున జిల్లా కోశాధికారిగా నుండి, చైనాతో యుద్ధము జరిగిన ఆ దినములలో దీనిని తెలుగున వ్రాసిరి. తెన్నేటి విశ్వనాథముగారి ద్వారా ఇది విద్యామంత్రి పి. వి. జి. రాజుగారికి చేరెను. మొదట విశాఖలోని బడిలో చెప్పించిరి. 1965 జనవరి 26 నుండి దేశమంతటను, ఆయా భాషలలో, చెప్పుట మొదలైనది. సుబ్బారావుగారు 1988లో కీర్తిశేషులైరి. తన మాటలు ఇంత దూరము పోయిన సంగతి వారికి చాలకాలము తెలియదందురు. కోశాగారపు లెక్కలు చూచువాడు దేశపు పిల్లలందరి నోట నిలిచెనని వినగా, లెక్కల వృత్తిలోనివాడనగు నాకు ఒకింత గర్వము కలుగుట సహజము. ఆ ప్రతిజ్ఞలో తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, పెద్దలను ఒక్క వరుసలో గౌరవింతునని పిల్లవాడు పలుకును. పెద్దలు పిల్లవానికి బదులు పలుకు ప్రతిజ్ఞ మాత్రము ఎవ్వరును వ్రాయలేదు.

ఇప్పుడు క్యాంబెల్ వాక్యమును మరల తలచుకొందము. పేదరికము పసిచేతులను పనికి లాగును, బడి ఖాళీ యగును – ఇది 1823 నాటి మాట. పాలమూరు కూలీల చరిత్ర చూడుడు. ఆనకట్టలు, కాలువలు, రహదారులు, పట్టణములలో మేడలు: దేశములో మట్టిపని ఎక్కడున్నను పాలమూరు జట్టు అక్కడ నుండెడిది. దసరా దాటగానే మేస్త్రీ ముందుసొమ్ము ఇచ్చి జట్టు కట్టును. తల్లియు తండ్రియు మూట కట్టుకొని పోదురు. తొలకరికి గాని రారు. పిల్లవానిని ఎవరికడ విడుతురు? ముసలమ్మ యున్నచో ఊరిలో, లేనిచో పనిచోటి గుడారములో. హాజరు పట్టీలో ఆ పిల్లవాని పేరునకెదురుగ కార్తీకము మొదలు గీతలే. జూన్‌లో మరల వచ్చి కూర్చుండును. వానితోటివారు రెండు పుస్తకములు ముందు నుందురు. సిగ్గుపడి వాడు మెల్లగా మేకల దారి పట్టును. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబునగరు జిల్లా అక్షరాస్యత నూటికి 55 మాత్రమే, ఆనాటి ఆంధ్రప్రదేశమంతటను కడపటి స్థానము. నల్లగొండ నూటికి 64. వలసయే ఇందులకు ఏకైక కారణమని నేననను, కాని హాజరు పట్టీ చదువ నేర్చినవానికి దాని పాలెంతయో తెలియును.

ఇట్టి పిల్లలకై సర్వశిక్షా అభియానము క్రింద సీజనల్ వసతిగృహములు పెట్టిరి. తల్లిదండ్రులు పనికి పోయిన నెలలలో పిల్లలు ఊరిలోనే తిని, పండుకొని, చదువుకొనుటకు ఏర్పాటది. బడి కట్టుబాట్లన్నింటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. తల్లిదండ్రులకు సాధ్యము కాని నిబంధన పెట్టి తప్పిరని నిందించుటకు బదులు, నిబంధన పాటించుటకు వీలు కల్పించినది. 2003 జనవరి నుండి బడిలో పెట్టుచున్న మధ్యాహ్న భోజనమును అట్టిదే. ఆనాడు తల్లి గటుక త్రాగించి పంపిన పనిలో కొంత పాలు బడి పంచుకొన్నది.

2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. దీనిని మన చందాదారులు ఒకసారి చదువవలెను. కఠినమైన భాష కాదు. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును చదువు ఉచితము, హక్కు. బిడ్డను చేర్చుట తల్లిదండ్రుల విధి. పుట్టిన తేదీ కాగితము లేదని చేర్చుకొనక పోరాదు. ఏడాది నడుమ వచ్చినను కాదనరాదు. వలసపోయి వచ్చిన తండ్రి ఈ మాటను గట్టిగా పట్టుకొనవలెను. కొట్టరాదు, మనసు నొప్పింపరాదు – "చర్మము మీది" యను మాటకు కాలము చెల్లినది. అయిదవ తరగతి వరకు ఏడాదికి 200 దినములు బడి నడువవలెను. ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డ హాజరు, చదువు తెలుపవలెను. బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. సగముమంది స్త్రీలు కావలెను. 2024లో మన రాష్ట్రమున మహిళా సంఘములవారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడ ఏర్పడినవి.

చూడగా, ఇందులో తల్లిదండ్రులకు పెట్టిన కట్టుబాటు ఒకటి రెండు. బడికి పెట్టినవి పది. అరుగుమీది పెద్దలు నవ్వునది ఆ యొకటి రెండింటిని చూచియే. తక్కిన పదింటిని అడుగువారు లేకున్నచో అవి కాగితమునకే పరిమితమగును. సమావేశమునకు పోయినవారు కూడ వేలిముద్రయో సంతకమో వేసి తిరిగివచ్చుటయే చాలచోట్ల ఆచారము. సమావేశపు పుస్తకమును లెక్కలవాడు చదివినట్లు చదువవలెను: వంటకు బియ్యమెంత వచ్చినది, ఎంతమంది తినిరి, ఉపాధ్యాయులెందరు ఉండవలెను, ఎందరున్నారు, హాజరు పట్టీలో గీతలెవరి పేరునకు ఎదురుగా నున్నవి. ఈ మూడు ప్రశ్నలకు చదువు అక్కరలేదు. కల్లములో కొలత సరిచూడ నేర్చిన ప్రతి తల్లికిని ఇవి తెలియును.

మన గ్రంథాలయమున విద్యాహక్కు చట్టపు తెలుగు ప్రతిని, పై తూర్పు బీరువాలో చరిత్ర పుస్తకముల ప్రక్కన ఉంచితిమి. చదువ రానివారు ఆదివారము సాయంకాలము వచ్చినచో చదివి వినిపించుటకు నేనును, మరి యిద్దరు మిత్రులును ఒప్పుకొంటిమి. దసరా తరువాత జట్టులో పోవువారు, పోకమునుపు ఒకసారి వచ్చి, తమ పిల్లలను ఎవరికడ విడిచి పోవుచున్నారో చెప్పి పోయినచో, ఆ పేర్లను వ్రాసి ప్రధానోపాధ్యాయునికి అందజేయుదుము. అందులకై ఒక పుస్తకము వేరుగా కుట్టించితిమి.